‘తర్వాత చూద్దాం’ చార్టు

మా బడిలో సైన్సు సామాన్ల గది వెనక ఒక బీరువా ఉంది. తలుపు తీస్తే నా ఉద్యోగ చరిత్రంతా నెత్తిన పడుతుంది. అడుగున వీడియో క్యాసెట్లు, వాటి మీద విడిపోయిన ప్లాస్టిక్ అణువులు, వాటి మీద ఎవరూ సీలు విప్పని కార్డుల పెట్టెలు. కొన్నేళ్లకోసారి ఎవరో ఒకరు వచ్చి, ఇన్నాళ్లూ మీరు సైన్సు తప్పుగా చెబుతున్నారని తేలుస్తారు. మేం బుద్ధిగా తలలూపుతాం. డబ్బాలు దిగుతాయి. ఆ వచ్చిన మనిషి ఇంకా పెద్ద ఊళ్లో ఇంకా పెద్ద ఉద్యోగానికి వెళ్లిపోతాడు. డబ్బాలు బీరువాలోకి వెళ్తాయి. పిల్లలకు మళ్లీ మేమే మిగులుతాం, వాళ్లకు వేరే దిక్కు లేదు గనక.

ఈసారి వచ్చినాయన డాక్టర్ బ్రెంట్ హాస్కిన్స్. మా డిస్ట్రిక్టు స్కూళ్లన్నిటికీ పాఠ్యప్రణాళిక డైరెక్టరు. డాక్టరంటే మందులిచ్చే డాక్టరు కాదు, చదువుల డాక్టరు. షికాగో శివార్ల నుంచి తిన్నగా మా అయోవా మొక్కజొన్న చేల మధ్యకు ఊడిపడ్డాడు. తాను పాఠం చెప్పింది రెండేళ్లు, అదీ సోషలు. ఎండైనా మంచైనా చేతుల్లేని ఉన్ని కోటు ఒకటి తగిలించుకుని తిరిగేవాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్లేదు. ఆగస్టులో చేరాడు, ఆకులు రాలకముందే మా పుస్తకాలన్నీ అటకెక్కించాడు.

ఆయన తెచ్చిన పద్ధతికి ఒకటే సూత్రం: టీచరు చెప్పకూడదు. ఒక వింత చూపించాలి. పిల్లలు ‘ఏం గమనించాం, ఏం తెలుసుకోవాలనుంది’ అని రంగు చీటీల మీద రాసి గోడకు అంటించాలి. ఆరేడు వారాలు తమంతట తామే కనుక్కోవాలి. పిల్లలు ప్రశ్న అడిగితే మనం తిరిగి ప్రశ్నే అడగాలి. ఎవరైనా తొందరపడి జవాబు చెప్పేస్తే, ఆ చీటీని ‘తర్వాత చూద్దాం’ అని రాసిన పసుప్పచ్చ చార్టు మీదికి పంపాలి, మిగతావాళ్ల ఆశ్చర్యం పాడవకుండా.

నేను బయాలజీ చెబుతాను. నా పేరు జోన్ స్వొబొడా. నాకొచ్చిన వింత, కుళ్లిపోతున్న ఒక మొద్దు. తొమ్మిది వారాలు ఆ మొద్దు చుట్టూ తిరిగాం. చివరికి అది కుళ్లిందని కనుక్కున్నాం.

న్యాయం చెప్పాలంటే, పిల్లలు తమంతట తాము కనుక్కోవడం మంచిదే. కాదన్నవాడు టీచరే కాదు. ఉప్పు వేస్తే చాలు కూర అవుతుందనుకునేవాళ్లతోనే నాకు పేచీ.

మా పాత టీచర్లు కొత్తవాళ్లకు చెప్పే మంత్రం ఒకటుంది: ఎవరేం తెచ్చినా తలూపు, తర్వాత తలుపు మూసుకుని పాఠం చెప్పుకో. హాస్కిన్స్ ఆ మంత్రం కూడా విన్నట్టున్నాడు. గదుల తలుపులు ఎప్పుడూ తెరిచే ఉండాలన్నాడు. ప్రతి తలుపు కిందా పెట్టడానికి ఒక్కో రబ్బరు ముక్క పంపించాడు. మా ప్రిన్సిపాలు గెయిల్, కష్టం చూసినవాళ్లకల్లా అయ్యో అని, బలమున్నవాళ్లకల్లా సరే అనే మనిషి, ఆ ముక్కల్ని స్వయంగా పంచిపెట్టింది.

ఈ తలుపు విషయంలో అందరికంటే ముందు దెబ్బ తిన్నది మా కెమిస్ట్రీ టీచరు లోర్నా వాండర్‌ప్లూగ్.

లోర్నా చెబుతుంది. అదే ఆమె రోగం. సుద్దముక్క పట్టుకుని, బొమ్మ గీసి, ఇదిగో ఇది ఇందుకు ఇలా జరుగుతుంది అని చెబుతుంది. అర్థం కాకపోతే ఇంకోలా చెబుతుంది. ఊళ్లో సగంమంది ఆమె దగ్గరే చదువుకున్నారు, అందరికీ ఆమె మిసెస్ వీ. ఏటా వసంతంలో, చేలల్లోకి తెల్ల ట్యాంకులు దిగేముందు, ఆమె ఒక పాఠం చెబుతుంది. మా దగ్గర మొక్కజొన్నకు నేలలోపలికి ఎక్కించే అమ్మోనియా ఉంటుంది, అందరం అన్‌హైడ్రస్ అంటాం. గొట్టం ఊడిందంటే తెల్లటి పొగమేఘం. అది నీళ్లకోసం వెతుక్కుంటుంది. మనిషిలో నీళ్లెక్కడుంటాయి? కళ్లల్లో, గొంతులో, చెమటలో. గాలికి అడ్డంగా పరిగెత్తి, గాలి వచ్చే వైపుకు చేరాలి. తర్వాత నీళ్లు, ఇంకా నీళ్లు, ఎవరైనా వచ్చి ఆపేదాకా నీళ్లు. పాఠం అయ్యాక సొరుగులోంచి చిన్న నొక్కుడు సీసాలు తీసి, నీళ్లు నింపి, అందరికీ ఒక్కోటి ఇస్తుంది. చేలో పనిచేసేవాళ్లు చొక్కా జేబులో పెట్టుకుంటారే, అవి. మా ఊళ్లో ఆ సీసా వల్ల రెండు కళ్లూ మిగిలినవాళ్లున్నారు.

విచిత్రమేమిటంటే, కొత్త కెమిస్ట్రీకి వచ్చిన వింత కూడా అదే. ఎక్కడో సముద్రం పక్కన కూర్చుని ఎవరో తయారుచేసిన వీడియో: ఒక పొలం, ఒక తెల్ల ట్యాంకు, ఉన్నట్టుండి ఒక మేఘం, పరిగెడుతున్న మనిషి. ‘ఈ వింత మేఘం ఏమిటి?’ ఆరు వారాలు.

ఫిబ్రవరిలో ఒక రోజు హాస్కిన్స్ తన పలక లాంటి కంప్యూటరు పట్టుకుని లోర్నా క్లాసులో వెనక కూర్చున్నాడు. వీడియో నడిచింది. ఆగకముందే టెస్సా బ్రాండ్స్‌మా అనే అమ్మాయి చీటీ రాసి లేచింది. “అది అన్‌హైడ్రస్, మిసెస్ వీ. గొట్టం ఊడింది. ఆ మనిషి గాలి పోయే వైపే పరిగెడుతున్నాడు, చచ్చాడే.”

టెస్సా వాళ్ల నాన్న వేడ్‌కు ఒక కన్ను గాజుది. ఆ కన్ను ఏ మేఘానికి పోయిందో క్లాసంతటికీ తెలుసు.

లోర్నా నోరు ఊరుకోలేదు. “కరెక్ట్” అంది. అంతటితో ఆగక, సుద్దముక్క తీసుకుంది.

హాస్కిన్స్ లేచి వచ్చి, టెస్సా చేతిలోని చీటీ నవ్వుతూ అందుకుని, తన చేత్తోనే ‘తర్వాత చూద్దాం’ చార్టు మీద అంటించాడు. “మంచి ఆలోచన. తర్వాత చూద్దాం” అన్నాడు. తర్వాత క్లాసువైపు తిరిగి, ఇంకెవరికి ఏమేం అనిపిస్తోందని అడిగాడు. ఎవరికీ ఏమీ అనిపించలేదు. అందరికీ తెలిసిన విషయం మీద ఏమనిపిస్తుంది?

సాయంత్రం లోర్నాను పిలిచి, మీరు పిల్లల ఆశ్చర్యాన్ని దొంగిలించారన్నాడట. ఆ మాటే అన్నాడట. మార్చిలో ఇంకోసారి చూస్తానని, అప్పుడూ చెబుతూ దొరికితే వచ్చే ఏడాది నుంచి ఆరో తరగతికి పంపుతానని, కెమిస్ట్రీ గది వేరేవాళ్లకు ఇస్తానని గెయిల్ ముందరే తేల్చేశాడు. గెయిల్ ఒకసారి అయ్యో అని, ఒకసారి సరే అంది.

లోర్నా టీచర్ల గదిలో నా ఎదురుగా కూర్చుని, ఎవరో వండి తెచ్చిన బఠానీ సూపును చెంచాతో తిప్పుతూ ఉండిపోయింది. ఆమెకు మొగుడు పోయాడు, పిల్లలు లేరు, ఆ గది ఉంది. “మానెయ్యడానికి నేనేం సిగరెట్లు తాగడంలేదు కదే జోన్” అంది. “తెలిసింది చెబుతున్నా. దానికి కూడా దొంగచాటు కావాలా?”

ఒక్క గంట నోరు కట్టేసుకోమన్నాను. తన నోరు సరే, పిల్లల నోళ్లేం చెయ్యాలంది.

దానికి జవాబు పిల్లల దగ్గర ఉంది. మా ఊళ్లో మాట దాగదు. గెయిల్ ఆఫీసులో అన్నది సాయంత్రానికి ఎరువుల కొట్లో తెలుస్తుంది. మర్నాడు పొద్దున టెస్సా, డర్క్ హోక్‌స్ట్రా అనే కుర్రాడు నా గదికి వచ్చారు. డర్క్ నడక నేర్చిన మర్నాటి నుంచీ ట్రాక్టరు మీదే ఉన్నాడని చెప్పుకుంటారు. మిసెస్ వీకి ఏమీ చెప్పొద్దని, మిగతాది తాము చూసుకుంటామని అన్నారు. టెస్సా నాటకాల పోటీల్లో రాష్ట్రం దాకా వెళ్లొచ్చిన పిల్ల. నేను వద్దనలేదు. ఆ వద్దనకపోవడంలో నాకు సరదాయే ఎక్కువ, బుద్ధి తక్కువ.

మార్చిలో హాస్కిన్స్ వచ్చాడు. నాకు ఆ గంట ఖాళీ. తలుపు ఎలాగూ తెరిచే ఉంది కదా, గుమ్మంలో నిలబడి చూశాను. రబ్బరు ముక్క వల్ల నాకు కలిగిన లాభం అదొక్కటే.

వీడియో నడిచింది. అదే వీడియో, అదే క్లాసు; ఫిబ్రవరిలో తాను అంటించిన చీటీ ఆయనకు గుర్తే లేదు. క్లాసంతా మొదటిసారి చూస్తున్నట్టు ఊపిరి బిగబట్టింది. డర్క్ చెయ్యెత్తి, ఆ పెద్ద పెద్ద చక్రాల బండిని ఏమంటారని అడిగాడు. ఇంకొకడు ఆ మేఘం ఆకాశంలోంచి జారిపడిందా అన్నాడు. వెనక బెంచీలోంచి, ఆ నేలలో వరసగా మొలిచినవి ఏం మొక్కలై ఉంటాయో అని ఒక చీటీ వచ్చింది. రాసినవాడి తాత మొక్కజొన్న పోటీల్లో పతకాలు కొట్టిన మనిషి. గోడ నిండా చీటీలు. ఆ పిల్లల మాటలు వింటే వీళ్లని పొద్దున్నే ఎవరు బట్టలు తొడిగి పంపారా అనిపించేది.

లోర్నా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఎవరేమడిగినా “నువ్వేమనుకుంటున్నావు?” అంది. మొహం మాత్రం పంటి నొప్పితో ఉన్న మనిషి మొహంలా ఉంది.

హాస్కిన్స్ పరవశించిపోయాడు. కుర్చీలో ఉండలేక పిల్లల మధ్యకు వచ్చాడు. టెస్సా పక్కన వంగి, ఆ మేఘంలో చిక్కుకున్న మనిషికి ఎలా ఉంటుందనుకుంటున్నావని అడిగాడు.

నాకు నవ్వు ఆగిపోయింది.

టెస్సా ఆయన కళ్లలోకి చూసింది. “తెలీదు సర్” అంది. “చల్లగా ఉంటుందేమో. సరదాగా ఉంటుందేమో.”

“అద్భుతం” అన్నాడు హాస్కిన్స్. రాసుకున్నాడు కూడా.

గంట కొట్టాక లోర్నా సామాన్ల గదిలోకి వెళ్లింది. వెనకే వెళ్లాను. ఆ పాత బీరువాకు ఆనుకుని ఏడుస్తోంది. నెగ్గావు కదే, ఇంకా ఏడుపెందుకన్నాను. ముక్కు తుడుచుకుని నా వైపు చూసింది.

“ఇన్నేళ్లూ నేర్పినవాటిల్లో వాళ్లకి ఇదే బాగా వచ్చింది, చూశావా?” అంది. “తెలిసింది తెలీనట్టు ఉండడం. ఆ పిల్ల వాళ్ల నాన్న కన్ను సంగతి మింగేసింది, నాకోసం.”

నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు.

నాలుగు రోజులు తిరక్కుండా ఫలితం వచ్చింది. లోర్నాకు అన్నింట్లోనూ పైమార్కులే. అంత మంచి టీచరును ఒక్క గదిలో కట్టిపడేయడం అన్యాయమని హాస్కిన్స్ తీర్మానించాడు. ఆమెను ‘కోచ్’ చేశాడు. ఇకనుంచి ఊరూరా స్కూళ్లు తిరుగుతూ, ఎలా చెప్పకూడదో మిగతా టీచర్లకు చెప్పాలి. కెమిస్ట్రీ గదికి తాత్కాలికంగా ఒకాయన్ని తెచ్చారు.

చూడండి మా డిస్ట్రిక్టు తెలివి. చెడ్డగా చేస్తే గది పోతుందన్నారు. బాగా చేసింది, గది పోయింది. వద్దనడానికి లోర్నా వెళితే, కాదంటే ఆ ఆరో తరగతి మాట మళ్లీ తీయాల్సి వస్తుందని గెయిల్ ఎంతో బాధపడుతూ చెప్పింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో గెయిల్ అయ్యో అంటూ.

తాత్కాలికాయన మంచివాడే. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదువుతాడు. ‘ఇక్కడ పిల్లలు ఆశ్చర్యపోతారు’ అని ఉన్నచోట ఆగి, వాళ్లు ఆశ్చర్యపోయేదాకా ఎదురుచూస్తాడు. పిల్లలు జాలిపడి ఆశ్చర్యపోతారు. వసంతం వచ్చింది, చేలల్లోకి ట్యాంకులు దిగాయి, పాఠం లేదు. సీసాలు లోర్నా సొరుగులో అలాగే ఉండిపోయాయి.

ఏప్రిల్‌లో ఒక గాలి రోజున చుట్టుపక్కల స్కూళ్ల సైన్సు టీచర్లందరినీ మా బడికి రప్పించి లైబ్రరీలో కూర్చోబెట్టారు. లోర్నా వాళ్లకు రంగు చీటీల మహిమ వివరిస్తోంది. హాస్కిన్స్ ఫోను మాట్లాడుకోవడానికి బయటికి, కార్లు ఆపేచోటుకి వచ్చాడు. నేను నా గది కిటికీలోంచి చూస్తున్నాను. రోడ్డుకు అవతల చేలో ట్రాక్టరు, దాని వెనక తెల్ల ట్యాంకు.

గొట్టం ఊడింది. ట్రాక్టరు మనిషి దూకి, గాలికి అడ్డంగా పరిగెత్తి, అవతలి గట్టెక్కాడు. వాడు ఒకప్పుడు లోర్నా విద్యార్థి. మేఘం నేల మీద పాకుతూ రోడ్డు వైపు బయల్దేరింది.

హాస్కిన్స్ దాన్ని చూశాడు. మొహం వెలిగిపోయింది. అచ్చం వీడియోలో ఉన్నట్టే ఉంది కదా మరి. ఫోను పైకెత్తి, చిత్రీకరిస్తూ, దానికి ఎదురు నడిచాడు.

కిటికీ బాదాను. కరెంటు ఆదా కోసం తెరుచుకోకుండా బిగించిన కిటికీలు అవి. ఆయన నన్ను చూసి, చూశారా అన్నట్టు బొటనవేలు ఎత్తి చూపించాడు. నేను ఆఫీసుకు పరిగెత్తి బయటి గాలిని లోపలికి లాగే యంత్రాలు ఆపించి, లైబ్రరీలోకి లోర్నా అని అరిచాను. బయటికి వచ్చేసరికి టెస్సా ఆయన ఉన్ని కోటు వెనక పట్టుకుని గాలికి అడ్డంగా ఈడ్చుకొస్తోంది. పళ్ల డాక్టరు దగ్గర్నుంచి అప్పుడే వచ్చి కారు ఆపిందట. మేఘం అంచు మాత్రమే ఆయనకు తగిలింది. ఆ అంచుకే మనిషి దగ్గుతూ, కళ్లు మూసుకుని, గుడ్డివాడిలా చేతులు చాస్తున్నాడు. టెస్సా జేబులోంచి వాళ్ల నాన్న ఇచ్చిన నీళ్ల సీసా తీసి ఆయన కళ్లల్లో కొట్టింది. అది అయిపోయేలోగా వర్క్‌షాపు పక్కనున్న నీళ్ల గొట్టం దగ్గరికి చేర్చింది.

లోర్నా వచ్చి గొట్టం అందుకుంది. అన్నాళ్లూ ఆయన్ని ‘మీరు’ అని పిలిచిన మనిషి, మెడ పట్టి వంచి, “కళ్లు తెరువు” అంది. “మంటైనా తెరువు. రెప్పలు నేను పట్టుకుంటా. అది నీళ్లకోసం వచ్చింది, నీ కళ్లల్లో ఉన్నాయి గనక అక్కడికే వచ్చింది. మనం ఇంకా ఎక్కువ ఇస్తే వదులుతుంది. కదలకు.”

అలా మొదలుపెట్టి పాఠమంతా చెప్పేసింది. గాలి సంగతి, గొంతు సంగతి, తడి బట్టలు ఎందుకు విప్పాలో ఆ సంగతి. ఉన్ని కోటు విప్పించింది. లైబ్రరీలోంచి వచ్చిన టీచర్లు చుట్టూ నిలబడి, రంగు చీటీల వెనక గబగబా రాసుకున్నారు. ఎవరూ ఏమనుకుంటున్నారని ఎవర్నీ అడగలేదు. అంబులెన్సు వచ్చేదాకా నీళ్లు ఆపలేదు లోర్నా.

అంబులెన్సు వెళ్లాక తడి బట్టలతోనే తన గదికి వెళ్లింది. తాత్కాలికాయన చేతిలోంచి పుస్తకం తీసుకుని, మీరు కాస్త కూర్చోండంది. ఆయన హాయిగా కూర్చున్నాడు. సొరుగు తెరిచి సీసాలు పంచింది. మర్నాడు కూడా వచ్చి చెప్పింది, ఆ మర్నాడూ చెప్పింది. కోచ్ పని ఏమైందని గెయిల్ అడగలేదు. అడగడానికి ఎటువైపు సరే అనాలో ఆమెకు అప్పటికి తెలియదు. డైరెక్టరు ఆసుపత్రి నుంచి వచ్చాక ఏం జరుగుతుందోనని మేమంతా ఎదురుచూశాం. లోర్నా కూడా చూసింది. ఆ వారమంతా, రేపు ఉంటుందో లేదో తెలియని గదిలో చెప్పినట్టే చెప్పింది, ఒక్క మాట మిగల్చకుండా.

ఆయన నల్లకళ్లద్దాలతో వచ్చాడు. కళ్లు దక్కాయి, దక్కుతాయని డాక్టరు గట్టిగానే చెప్పాడట. తిన్నగా కెమిస్ట్రీ గది గుమ్మంలో నిలబడ్డాడు. నేను వరండాలో ఆయన వెనకే ఉన్నాను. లోర్నా చేతిలో సుద్దముక్క ఉంది, బోర్డు నిండా రాత ఉంది. దాచలేదు. పిల్లలు ఊపిరి తీయడంలేదు, ఈసారి నాటకం కాదు.

“నాకు ఒక్కటి అర్థం కాదు” అన్నాడు హాస్కిన్స్. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. “ఇంతమందికి తెలుసు. అది అంత ప్రమాదమని నాకు ఒక్కరూ ముందే చెప్పలేదేం?”

లోర్నా నోరు తెరిచింది. ఆమెకంటే ముందు టెస్సా లేచింది. గోడ దగ్గరికి వెళ్లి, పసుప్పచ్చ చార్టు మీద వంకరగా అంటుకుని ఉన్న చీటీ ఒకటి ఊడదీసి, తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

“చెప్పాను సర్. మొదటి రోజే చెప్పాను. మీరే ఇక్కడ అంటించారు.”

హాస్కిన్స్ కళ్లద్దాలు పైకి నెట్టి, ఎర్రటి కళ్లతో ఆ చీటీ చదివాడు. చిన్న చీటీయే, చదవడానికి చాలాసేపు పట్టింది. మడిచి జేబులో పెట్టుకున్నాడు. బయటికి వస్తూ తలుపు కిందున్న రబ్బరు ముక్కను కాలితో పక్కకు తోశాడు. తలుపు దానంతటదే మూసుకుంది.

లోపల్నుంచి లోర్నా గొంతు వినిపించింది, ఎక్కడ ఆపిందో అక్కడినుంచే.